టర్బో వేసిన పాత బలేనోకి ఏ వైడ్‌బ్యాండ్ సెట్టు పెట్టాలి?

బెజవాడ బలేనో:

అందరికీ నమస్కారం. నాది 2003 బలేనో సెడాన్, 1.6 లీటర్ జీ16బీ ఇంజిన్. నాన్న కొని 14 ఏళ్లు నడిపిన కారు. ఆయన పక్కన పెట్టేశాక నేను ట్రాక్ కోసం తయారు చేసుకున్నాను. రోడ్డు మీద తిప్పను. లారీ మీద ఎక్కించి శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తాను. పోయినేడాది చిన్న టర్బో వేశాను. 440 సీసీ ఇంజెక్టర్లు, మెగాస్క్విర్ట్-2 ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్). టర్బో నెట్టే అదనపు గాలి ఒత్తిడిని, అంటే బూస్ట్‌ని, సర్దే కంట్రోలర్ లేదు, వేస్ట్‌గేట్ (ఆ ఒత్తిడికి హద్దు పెట్టే వాల్వు) స్ప్రింగ్ మీదే 0.5 బార్ వస్తుంది.

ఇన్నాళ్లూ కారుతో వచ్చిన నారోబ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్‌నే (ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ చూసేది) చూస్తూ ట్యూన్ చేశాను. బూస్ట్‌లో ఎప్పుడు చూసినా 0.86, 0.87 వోల్టులు. "0.85 దాటితే రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉన్నట్టే, భయం లేదు" అని నాకు మొదట్లో చెప్పినవాళ్ల మాట నమ్మాను. పోయిన నెల ట్రాక్ నుంచి వచ్చి ప్లగ్గులు విప్పితే మూడో సిలిండర్ ప్లగ్గు తెల్ల పింగాణీ మీద ఏవో మెరుస్తున్నాయి. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూశాను. మిరియం పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కొన్ని, వాటి మధ్య వెండి రంగు చుక్కలు మూడో నాలుగో. పిస్టన్ అల్యూమినియం అని తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కంప్రెషన్ చూశాను, నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అంటే ఇంజిన్ ఇంకా బతికే ఉంది.

ఇక వైడ్‌బ్యాండ్ (పెట్రోలు ఎంత ఎక్కువో ఎంత తక్కువో అంకెలో చెప్పే సెన్సర్, దాని కంట్రోలర్) లేకుండా స్టార్ట్ చేయదలచుకోలేదు. మూడు అనుకుంటున్నాను: ఏఈఎమ్ ఎక్స్-సిరీస్ గేజ్, ఇన్నొవేట్ ఎల్‌సీ-2, డిస్‌ప్లే లేని స్పార్టన్. స్నేహితుడొకడు స్క్రాప్‌కి వెళ్లిన జర్మన్ కారులోంచి తీసిన ఎల్‌ఎస్‌యూ 4.2 సెన్సర్ ఊరికే ఇస్తానంటున్నాడు, దానికి కంట్రోలర్ ఒక్కటి కొంటే సరిపోతుందా? సెన్సర్ ఎక్కడ పెట్టాలి? టర్బో నుంచి బయటికి రాగానే ఉన్న వంపు మీద చేయి బాగా పోతుంది, అక్కడ వెల్డింగ్ తేలిక. ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో దొరికేదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కదా, ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి అనే లెక్క ఇంకా పనికొస్తుందా?

డాలస్ మియాటా:

తమ్ముడూ, ముందు ఒక్క మాట. సెన్సర్ వచ్చేదాకా బూస్ట్‌లోకి వెళ్లకు. ఆ వెండి చుక్కలు డిటొనేషన్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) గుర్తులే. స్పార్క్ టైమింగ్ కూడా ఈసీయూ పట్టికలో (మ్యాప్‌లో) బూస్ట్ గడుల్లో ఓ నాలుగు డిగ్రీలు వెనక్కి తీసి పెట్టుకో.

నేను 1999 మాజ్దా మియాటాకి టర్బో వేసి ఏడేళ్లయింది. మొదటి రెండేళ్లలో రెండు సెన్సర్లు చంపాను. రెండూ నా తప్పులే, నువ్వు చేయబోతున్నవి కూడా అవే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదటిది, నువ్వు చెప్పిన ఆ వంపు. నేనూ అక్కడే పెట్టాను, టర్బో నుంచి జానెడు దూరం కూడా లేదు. బిల్డింగ్ చుట్టూ తిరిగినంతసేపు బాగానే ఉండేది. ట్రాక్ మీద మూడు ల్యాపులు కాగానే గేజ్ మీద ఎర్రర్ కొట్టి అంకె పోయేది. చల్లారితే మళ్లీ వచ్చేది. నా దాంట్లో ఉన్నది ఎల్‌ఎస్‌యూ 4.9, నీ స్నేహితుడి 4.2 కంటే కొత్తరకం సెన్సర్; దానిలో స్పానర్ పట్టే ఆరు పలకల భాగం దగ్గర 600 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. టర్బో దాటిన వెంటనే, అదీ ట్రాక్ మీద, ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. నాలుగో ట్రాక్ డేకి సెన్సర్ పూర్తిగా పోయింది. ఇప్పుడు డౌన్‌పైప్‌లో (టర్బో నుంచి పొగని కిందికి తీసుకెళ్లే గొట్టం) టర్బో నుంచి 75 సెం.మీ. దూరంలో ఉంది, క్యాటలిస్ట్ లేదు కాబట్టి దాని గొడవ లేదు. నీకు 60 నుంచి 90 సెం.మీ. మధ్య ఎక్కడ చోటు దొరికినా ఫరవాలేదు. సెన్సర్ మొన కిందికి చూడాలి, అంటే పైపు పై సగంలోనే నట్టు రావాలి. గడియారం ముళ్లు 10 నుంచి 2 మధ్య అనుకో. అడుగున పెడితే చల్లటి పైపులో చేరిన నీటి చుక్క వేడెక్కిన పింగాణీ మీద పడి అది పగులుతుంది.

రెండోది ఇంకా బాధ. గేజ్ రిపేరుకి పంపి, సెన్సర్‌ని పైపులోనే వదిలేసి రెండు వారాలు కారు నడిపాను. కరెంటు లేని సెన్సర్‌కి హీటర్ పనిచేయదు, దాని మీద పడ్డ మసిని కాల్చేసుకునే దారే ఉండదు. గేజ్ తిరిగి వచ్చాక రీడింగ్ బద్ధకంగా కదిలేది, థ్రాటిల్ వదిలాక రెండు మూడు సెకన్లకి లీన్ (పెట్రోలు తక్కువ) వైపు వెళ్లేది. కంట్రోలర్ లేని రోజున సెన్సర్ విప్పేసి దాని చోట బోల్టు బిగించు.

ఇక ఏది కొనాలో. ఊరికే వచ్చే 4.2 తీసుకోవద్దు. అది మంచి సెన్సరే, ఒకప్పుడు అందరం దాన్నే వాడాం. కానీ అది పోల్చుకోవడానికి బయటి గాలి కావాలి, ఆ గాలి వైర్ల వెంటే లోపలికి వెళ్తుంది. కనెక్టర్‌లో గ్రీజు చేరినా, ఆయిల్ ఆవిరి పట్టినా లెక్క జరిగిపోతుంది. 4.9 ఆ గాలి మీద ఆధారపడదు, తనకి కావాల్సిన ఆక్సిజన్‌ని తనే పంపు చేసుకుంటుంది. స్క్రాప్ కారులో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలియని సెన్సర్‌ని నమ్మి ఇంజిన్ ట్యూన్ చేయకు. 4.9 కూడా నకిలీలు ఆన్‌లైన్‌లో బోలెడు. బాష్ నంబర్ 0 258 017 025, ధర మరీ తక్కువగా కనిపిస్తే ఆగు.

నీ మూడింటిలో ఎల్‌సీ-2 తప్పేమీ లేదు. కాకపోతే దాన్ని అప్పుడప్పుడూ సెన్సర్ బయటికి తీసి శుభ్రమైన గాలిలో క్యాలిబ్రేట్ చేయాలి, టర్బో కారుకి ఆ పని ఇంకా తరచుగా పడుతుంది. ఆటోనగర్‌లో శుభ్రమైన గాలి ఎక్కడిది? పక్క షెడ్డులో పెయింటు కొడుతుంటే ఆ థిన్నర్ ఆవిరిలో చేసిన క్యాలిబ్రేషన్ తప్పుడు క్యాలిబ్రేషనే. ఎక్స్-సిరీస్‌కీ స్పార్టన్‌కీ ఆ పని లేదు. నీ బడ్జెట్ లోపల వస్తే ఎక్స్-సిరీస్ తీసుకో. ట్రాక్ మీద ఒక్కడివే ఉంటావు, ల్యాప్‌టాప్ చూడలేవు. నేరుగా వెళ్లేటప్పుడు కంటి చివర ఒక అంకె కనిపించడం చాలా పెద్ద సహాయం, 13 కనపడగానే కాలు తీసేస్తావు. లాగులు (ల్యాప్‌టాప్‌లో పడే రికార్డులు) మాత్రమే చాలు, డబ్బు బిగువు అంటే స్పార్టన్. దాని అవుట్‌పుట్ 0 వోల్టుకి 0.68 లాంబ్డా, 5 వోల్టులకి 1.36 (లాంబ్డా 1 అంటే గాలీ పెట్రోలూ సరిగ్గా సరిపోయినట్టు, తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్). కొలతలో అది ఎవరికీ తీసిపోదు, అందులో ఉండేదీ అదే 4.9.

టెస్ట్‌సెల్ పుణె:

డాలస్ అన్నగారు చెప్పిన వాటిలో దేనికీ అభ్యంతరం లేదు. నేను పనిచేసేది ఇంజిన్ క్యాలిబ్రేషన్‌లో, రోజంతా లాంబ్డా అంకెలే చూస్తాను. ఈ20 ప్రశ్నకి జవాబు రాద్దామని వచ్చాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది తడబడేది అక్కడే.

వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కి ఏఎఫ్‌ఆర్ (గాలి-పెట్రోలు నిష్పత్తి) అంటే ఏమిటో తెలియదు. దాని లోపల చిన్న గది ఉంటుంది. కంట్రోలర్ ఆ గదిలోకి ఆక్సిజన్‌ని పంపిస్తూనో బయటికి తోడేస్తూనో అక్కడ ఎప్పుడూ లాంబ్డా 1 ఉండేలా చూస్తుంది. అందుకు ఎంత కరెంటు పట్టిందో అదే మీ రీడింగ్. అంటే కొలిచేది లాంబ్డానే. గేజ్ దాన్ని 14.7తో గుణించి మీకు చూపిస్తుంది. పూర్తి పెట్రోలుకి లాంబ్డా 1 అంటే 14.7, ఇథనాల్‌కి 9.0, ఈ20కి సుమారు 13.5. కానీ గేజ్‌కి బంకులో ఏం పోశారో తెలియదు కదా. ఈ20 పోసి లాంబ్డా 1 దగ్గర నడుపుతున్నా అది 14.7 అనే చూపిస్తుంది. "ఈ20 కాబట్టి 13.5 రావాలి" అని ఇంధనం పెంచుకుంటూ పోయినవాళ్లని చూశాను. ఆ గేజ్ మీద 13.5 అంటే లాంబ్డా 0.92, ఐడిల్‌లో ఊరికే పెట్రోలు కాల్చుతున్నట్టు.

కాబట్టి గేజ్‌నీ, ల్యాప్‌టాప్‌లో ఈసీయూని సర్దే ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌నీ రెంటినీ లాంబ్డాలో పెట్టుకోండి, పేచీ వదిలిపోతుంది. తేలిక లోడులో 1.0. మీ ఇంజిన్‌కి 0.5 బార్ దగ్గర 0.80తో మొదలుపెట్టండి, మీరున్న పరిస్థితిలో 0.82 కంటే లీన్‌గా వెళ్లవద్దు. పాత ట్యూన్‌ని ఎప్పుడో ఈ10 మీద చేసి ఉంటే, ఈ20కి అదే లాంబ్డా రావాలంటే ఇంజెక్టర్ కొంచెం ఎక్కువసేపు తెరుచుకోవాలి. మీ కారు లీన్ వైపు జరగడానికి అది ఒక కారణం కావచ్చు.

0.87 వోల్టుల సంగతి. నారోబ్యాండ్ లాంబ్డా 1 దగ్గర ఒక్కసారిగా గెంతుతుంది, 0.45 దాటిందా లేదా అని చెప్పడానికే పుట్టింది అది. ఆ పైన గీత దాదాపు చదును. 0.90 లాంబ్డాకీ 0.80కీ మధ్య తేడా కొన్ని పదుల మిల్లీవోల్టులు, సెన్సర్ వేడి మారితే వచ్చే తేడా కూడా అంతే ఉంటుంది. బూస్ట్‌లో దాన్ని చూసి ట్యూన్ చేయడం కుదరదు.

ఇంకెవరైనా టర్బోకి ముందు, మానిఫోల్డ్‌లో పెట్టమని సలహా ఇస్తే వినకండి. అక్కడ వేడి ఒకటే కాదు, వెనక ఒత్తిడి వల్ల పంపు కరెంటు పెరిగి రిచ్‌ని ఇంకా రిచ్‌గా, లీన్‌ని ఇంకా లీన్‌గా చూపిస్తుంది. బూస్ట్‌లో 0.84 ఉన్నది 0.80లా కనపడితే మీ పిస్టన్లకి మంచిది కాదు.

ఆటోనగర్ వెల్డింగ్:

బాబూ, మీరంతా పెద్ద లెక్కలు చెప్పారు. నేను 30 ఏళ్లుగా సైలెన్సర్ పైపులు అతికేవాణ్ణి, నా వైపు మాట చెప్తా.

సెన్సర్ నట్టు 18 మి.మీ., 1.5 మరది తెప్పించు. నట్టుని ఉత్తగా అతికితే వేడికి మర సాగుతుంది, తర్వాత సెన్సర్ సగంలో పట్టేస్తుంది. చెడిపోయిన పాత సెన్సరో, ఆ మర బోల్టో బిగించి అతికించు, చల్లారాక విప్పు. కొత్త సెన్సర్ పెట్టి మాత్రం ఎవర్నీ అతకనివ్వకు. వెల్డింగ్ ముందు బ్యాటరీ వైరు తీసి, ఈసీయూ కనెక్టర్ కూడా పీకెయ్. సెన్సర్ మరకి పూసే పేస్టు దానితోనే వస్తుంది, మొనకి అంటనివ్వకు. బిగింపు 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు, అంతకు మించి బలం చూపించొద్దు.

డౌన్‌పైప్ జాయింట్లకి మనవాళ్లు సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తారు. ఆ ఆవిరి సెన్సర్‌ని చంపుతుంది. జాయింటు సరిగా తోమి, మంచి గ్యాస్కెట్ వేసి బిగిస్తే పేస్టుతో పనే లేదు.

అన్నిటికంటే ముఖ్యం లీకు. సెన్సర్‌కి ముందు వెంట్రుకంత సందు ఉన్నా ఐడిల్‌లో బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది, నీ గేజ్ లీన్ అని చెప్తుంది, నువ్వు ఉన్నదానికి పెట్రోలు కలుపుతావు. బండి చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ చివర బ్లోయర్ పెట్టి గాలి కొట్టు, జాయింట్లన్నిటి మీదా సబ్బు నీళ్లు పొయ్యి. బుడగ వచ్చిందంటే అక్కడే. మా షెడ్డుకి రా, చేసి పెడతా. పాత బలేనో అంటే నాకూ ఇష్టం.

డాలస్ మియాటా:

బాబాయ్ లీకు గురించి చెప్పింది బంగారం. దానికి అన్నదమ్ముడు లాంటిది ఇంకొకటి ఉంది, మర్చిపోయాను. మిస్సింగ్.

ఒకసారి బూస్ట్‌లో నా గేజ్ 16 చూపించింది. లీన్ అనుకుని ఇంధనం పెంచాను, 17 అయింది. ఇంకా పెంచాను, కారు ఎగిరెగిరి పడింది. విషయం ఏమిటంటే ప్లగ్గు గ్యాపు 1.1 మి.మీ. ఉంది, బూస్ట్ ఒత్తిడికి స్పార్క్ ఆరిపోతోంది. మండని సిలిండర్ నుంచి ఆక్సిజన్ మొత్తం అలాగే బయటికి వస్తుంది. సెన్సర్ చూసేది ఆ ఆక్సిజన్‌నే. గ్యాపు 0.7కి తెచ్చాక అదే మ్యాప్ మీద 10.5, నల్లటి పొగ. కారు కుదుపుతూ గేజ్ లీన్ అంటే ముందు ప్లగ్గులు చూడు, కీబోర్డు ముట్టుకోకు.

బెజవాడ బలేనో:

అందరికీ చాలా థాంక్స్. ఎక్స్-సిరీస్ తీసుకున్నాను. బాబాయ్ షెడ్డులోనే నట్టు పడింది, టర్బో నుంచి 70 సెం.మీ., గడియారంలో 11 దగ్గర. సబ్బు నీళ్లకి టర్బో అవుట్‌లెట్ ఫ్లాంజ్ దగ్గర బుడగలు వచ్చాయి, గ్యాస్కెట్ మార్చాం.

హీటర్ సంగతి చదివి దాని కరెంటుని నేరుగా తాళానికి ఇవ్వలేదు. ఫ్యూయల్ పంపు రిలే పనిచేస్తేనే కలిసే వేరే రిలే, దానికి వేరే ఫ్యూజు పెట్టాను. ఇంజిన్ తిరగకుండా సెన్సర్ ఊరికే కాలదు.

ఇప్పుడు ఒక చిక్కు. ట్యూనర్‌స్టూడియోలో 0.5 వోల్టుకి 8.5, 4.5 వోల్టులకి 18 అని రెండు పాయింట్లు ఇచ్చాను (ఇంకా లాంబ్డాలోకి మార్చలేదు, పుణె అక్కా, ఇది సరిపోయాక మారుస్తా). గేజ్ 11.6 అంటుంటే ల్యాప్‌టాప్ 12.2 అంటోంది. రేడియేటర్ ఫ్యాన్ తిరిగితే తేడా ఇంకొంచెం పెరుగుతోంది. దేన్ని నమ్మాలి?

టెస్ట్‌సెల్ పుణె:

గేజ్‌ని. మీ స్కేలు ప్రకారం ఒక వోల్టుకి 2.375 ఏఎఫ్‌ఆర్. 0.6 తేడా అంటే పావు వోల్టు. అది ఎర్త్‌లో ఉంటుంది. గేజ్ ఎర్త్‌ని డ్యాష్‌బోర్డు వెనక ఏదో బోల్టుకి ఇచ్చి, ఈసీయూ ఎర్త్ ఇంజిన్ మీద ఉంటే, హీటరూ ఫ్యానూ లాగే కరెంటుకి ఆ రెండు చోట్ల మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ ఒక మొన గేజ్ ఎర్త్ మీద, ఇంకో మొన ఈసీయూ సెన్సర్ ఎర్త్ మీద పెట్టి చూడండి. ఎంత వస్తుందో ఇక్కడ రాయండి.

బెజవాడ బలేనో:

0.24 వోల్టులు! డ్యాష్‌బోర్డు వెనక బోల్టే, మీరు చూసినట్టే చెప్పారు. దాని కింద పెయింటు కూడా గీకలేదు నేను. గేజ్ ఎర్త్‌ని తెచ్చి ఈసీయూ ఎర్త్ ఉన్న ఇంజిన్ బ్లాక్ బోల్టుకే కలిపాను. ఇప్పుడు ఫ్యాన్ తిరిగినా తేడా 0.1 లోపే. రెండూ లాంబ్డాలోకి మార్చేశాను.

ఆదివారం ట్రాక్‌కి వెళ్లొచ్చాను. మొదటి సెషన్‌లో టైమింగ్ వెనక్కే ఉంచి, పూర్తి థ్రాటిల్ రెండు మూడుసార్లే తొక్కాను. పిట్‌లో లాగ్ తెరిస్తే 0.3 బార్ దాకా 0.80, 0.81. బూస్ట్ 0.5 చేరాక, 5,000 ఆర్‌పీఎమ్ పైన 0.88. వెంటనే కారు ఆపేశాను. మ్యాప్‌లో ఆ గడుల్లో లోటేమీ లేదు, పక్క గడులతో పోలిస్తే సాఫీగానే ఉన్నాయి. ఇంజెక్టర్లు కూడా 70 శాతం దాటలేదు. బానెట్ ఎత్తి గొట్టాలన్నీ ఒక్కొక్కటీ చేత్తో వంచి చూశాను. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కి వెళ్లే సన్న రబ్బరు గొట్టం, నిపుల్ మీద ఎక్కే చోట, అడుగువైపు చీలి ఉంది. ఊరికే చూస్తే కనపడదు, వేలితో ఒత్తితే నోరు తెరుస్తుంది. వాక్యూమ్‌లో మూసుకుని ఉండి, బూస్ట్ ఒత్తిడికి తెరుచుకుంటోంది.

పిట్‌లోనే కూర్చుని లెక్క వేశాను. రెగ్యులేటర్‌కి బూస్ట్ సంగతి తెలియకపోతే ఇంజెక్టర్ రెండు వైపులా ఉండాల్సిన 3 బార్ తేడా 2.5కి పడుతుంది. ఇంధనం ఆ నిష్పత్తికి వర్గమూలం ప్రకారం తగ్గుతుంది, అంటే దాదాపు 9 శాతం. 0.80 ఉండాల్సింది 0.88 అవ్వాలి. అంతే అయింది.

పక్క పిట్ వాళ్ల దగ్గర మూరెడు కొత్త గొట్టం, రెండు క్లిప్పులు అడిగి తెచ్చి వేశాను. రెండో సెషన్‌లో 3,500 నుంచి 6,200 దాకా 0.80 నుంచి 0.81, ఎక్కడా దాటలేదు. ఇంటికొచ్చాక మూడో సిలిండర్‌కి వేసిన కొత్త ప్లగ్గు విప్పి చూశాను, పింగాణీ శుభ్రంగా ఉంది.

పాత నారోబ్యాండ్‌ని తీయలేదు, దాని చానల్ కూడా లాగులో ఉంది. చీలిన గొట్టంతో తీసిన లాగ్, కొత్త గొట్టంతో తీసిన లాగ్ పక్కపక్కన పెట్టి చూశాను. బూస్ట్‌లో రెండింటిలోనూ 0.87 వోల్టులే.